నటుడే పాఠమైనప్పుడు: ధారావాహికల రచన, పాత్రధారుల ఎంపికలపై ప్రేక్షక విమర్శ – అనంతపురం పీఠభూమి నాటక సంప్రదాయం వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

టెలివిజన్ ధారావాహికల రచన గురించి, పాత్రధారుల ఎంపిక గురించి సామాన్య ప్రేక్షకులు వెలిబుచ్చే అభిప్రాయాలను తెలుగు సాహిత్య విమర్శ విమర్శగా గుర్తించడం అరుదు. 'కార్తీక దీపం' (2017–2023) ధారావాహికను ప్రధాన ఆధారంగా తీసుకొని, బళ్లారి–అనంతపురం ప్రాంతపు నాటక చరిత్ర నేపథ్యంలో, ఆ అభిప్రాయాల వెనుక ఉన్న కొలమానాన్ని ఈ వ్యాసం వెదుకుతుంది. పద్యనాటకంలో ఒకే రాత్రి ఇద్దరు కృష్ణులను అంగీకరించిన ప్రేక్షకుడు ధారావాహికలో నటి మారితే ఎందుకు అంగీకరించడన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: ధారావాహిక, ప్రేక్షకుడు, పాత్రధారి, అనురూపత, పద్యనాటకం, అనంతపురం, బళ్లారి రాఘవ, కార్తీక దీపం.

1. ప్రాశ్నికులు ఎవరు?

ప్రయోగం సిద్ధించిందో లేదో తేల్చవలసిన ప్రాశ్నికుల పట్టిక ఒకటి నాట్యశాస్త్రంలోని సిద్ధివ్యంజకాధ్యాయంలో ఉంది. అందులో ఛందోవేత్త, వైయాకరణుడు ఉన్నారు. వారితోపాటు విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, రాజసేవకుడు కూడా ఉన్నారు. ఎవరి బతుకులో ఏది నిత్యానుభవమో ఆ విషయంలో వారి మాట ప్రమాణం. రంగస్థలం మీద విల్లు పట్టిన నిలుపు సరిగ్గా ఉందో లేదో చెప్పవలసినవాడు విలుకాడే తప్ప వైయాకరణుడు కాదు. ప్రేక్షకులందరినీ ఒకే ముద్దగా చూడకుండా, తీర్పు చెప్పే అధికారాన్ని వృత్తుల వారీగా పంచిన ఈ ఆలోచన మన ఆధునిక విమర్శలో ఎక్కువ కాలం నిలవలేదు.

ధారావాహికల విషయానికి వచ్చేసరికి పరిస్థితి మరింత వింతగా కనబడుతుంది. వాటిపై మన విద్యాసంస్థలలో వెలువడే పరిశోధన ప్రేక్షకులను సాధారణంగా రెండు రూపాలలోనే చూస్తుంది. ఒకటి: ధారావాహికల ప్రభావానికి లోనై మూఢవిశ్వాసాలను, అత్తాకోడళ్ల పగలను తలకెక్కించుకునే అమాయక స్త్రీ. రెండు: అంకె. 2015 నుంచి భారతదేశంలో రేటింగులు ప్రకటిస్తున్న బార్క్ సంస్థ మీటర్లు ఎంపిక చేసిన ఇళ్లలో ఏ చానెల్ ఎంతసేపు నడిచిందో నమోదు చేస్తాయి. తిట్టుకుంటూ చూసిన అరగంట, మెచ్చుకుంటూ చూసిన అరగంట ఆ లెక్కలో సమానమే. ఈ రెండు రూపాలకూ నోరు లేదు.

నిజానికి ధారావాహిక ప్రేక్షకులంత ఎడతెగక మాట్లాడే ప్రేక్షకులు మరొక కళారూపానికి లేరు. వారి మాటలకు ఒక పరిభాష కూడా ఏర్పడింది. 'సాగతీత', 'జీడిపాకం', 'అతకలేదు', 'ఒదిగిపోయింది', 'తేలిపోయింది' – ఇవన్నీ విలువ కట్టే మాటలే. ప్రతి మాట వెనుకా నాటకం ఎలా ఉండాలన్న ఒక భావన ఉంది. పాశ్చాత్య దేశాలలో ఈ దిశగా పని నాలుగు దశాబ్దాల క్రితమే మొదలైంది. డచ్ పరిశోధకురాలు ఇయెన్ ఆంగ్ 'డల్లాస్' ధారావాహికపై ప్రేక్షకులు తనకు రాసిన 42 ఉత్తరాలను ఆధారంగా చేసుకొని గ్రంథమే రాసింది. మన దేశంలో పూర్ణిమా మంకేకర్ దూరదర్శన్ ధారావాహికలు చూసే ఢిల్లీ స్త్రీల మాటలను విని, 1999లో ప్రచురించిన గ్రంథంలో విశ్లేషించింది. తెలుగులో ఇటువంటి పని జరగడానికి ఆధారాల కొరత అడ్డు కాదు. ఆ మాటలు విమర్శ అన్న స్థాయికి తగవన్న మన చిన్నచూపే అడ్డు.

2. బళ్లారి పందిరి నీడ

ఈ విషయాన్ని అనంతపురం నుంచి చూడడానికి కారణం ఉంది. 1882 వరకు అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. ఆధునిక తెలుగు నాటకం తొలి పందిళ్లలో ఒకటి ఆ బళ్లారిలోనే వేశారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభను అక్కడే నడిపాడు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ దానికి పోటీగా నిలిచింది. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టాడు. బళ్లారిలో న్యాయవాదిగా ఉంటూ నటుడిగా దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. కోలాచలం రచించిన రామరాజు చరిత్రలో పఠాన్ రుస్తుం పాత్ర ఆయనకు పర్యాయపదంగా మారిపోయింది.

తెలుగు నాటకరంగంలో పాత్రధారుల ఎంపికను సిద్ధాంత సమస్యగా మార్చినవాడు రాఘవ. స్త్రీ పాత్రలను పురుషులు ధరించడం కూడదని, చదువుకున్న కుటుంబ స్త్రీలు రంగస్థలం ఎక్కాలని ఆయన పట్టుబట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయన సరసన నటించారు. మరోవైపు అదే కాలంలో స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా, చింతామణిగా, రోషనారగా స్త్రీలకే అసూయ కలిగించాడని చెప్పుకునేవారు. ప్రేక్షకులు స్థానాన్ని నెత్తిన పెట్టుకున్నారు. రాఘవ వాదనను గౌరవించారు, స్థానం నటనకు చప్పట్లు కొట్టారు. ఈ రెంటి మధ్య వారికి వైరుధ్యం కనబడలేదు.

పాత్రకూ పాత్రధారికీ గల సంబంధాన్ని నాట్యశాస్త్రం మూడు విధాలుగా వర్గీకరించింది. స్త్రీ పాత్రను స్త్రీ, పురుష పాత్రను పురుషుడు, వయసుకు తగినవారు ధరిస్తే అనురూప. బాలుడు వృద్ధుడి పాత్రను, వృద్ధుడు బాలుడి పాత్రను ధరిస్తే విరూప. పురుషుడు స్త్రీ స్వభావాన్ని అనుసరించి నటిస్తే రూపానుసారిణి. రాఘవది అనురూప పక్షం, స్థానానిది రూపానుసారిణి మార్గం. ఈ మూడు మాటలను గుర్తుపెట్టుకుంటే నేటి టీవీ ప్రేక్షకుల వ్యాఖ్యలు చాలావరకు పాత చర్చకు కొనసాగింపులుగానే వినబడతాయి.

3. ఇద్దరు కృష్ణులు, ఒకే దీప

రాయలసీమ గ్రామాలలో ఉత్సవాలకు, జాతరలకు పద్యనాటకాలు ఆడించే అలవాటు పూర్తిగా పోలేదు. ఆ నాటకాలు చూసినవారికి ఒక ఆచారం తెలిసే ఉంటుంది. ఒకే ప్రదర్శనలో కృష్ణుడి పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకుంటారు. మొదటి కృష్ణుడు పడకసీను ముగించి వెళతాడు, రాయబారానికి రెండవ కృష్ణుడు వస్తాడు. హరిశ్చంద్ర నాటకంలో వారణాసి ఘట్టానికి ఒకరు, కాటిసీనుకు మరొకరు. ఇద్దరి ముఖాలకూ గొంతులకూ పోలిక ఉండనక్కరలేదు. ప్రేక్షకులు కంగారుపడరు సరికదా, ఇద్దరిలో ఎవరి పద్యం బాగుందో తెల్లవార్లూ తూకం వేస్తారు. నచ్చితే 'వన్స్ మోర్' అంటారు. చనిపోవలసిన పాత్ర కూడా ఆగి పద్యాన్ని మళ్లీ పాడవలసిందే.

ఇలాంటి ప్రేక్షక సంప్రదాయం నుంచి వచ్చినవారు ధారావాహికలో పాత్రధారి మారితే మాత్రం సహించరు. 'చిన్నారి పెళ్లికూతురు' పేరుతో తెలుగులోకి అనువాదమైన హిందీ ధారావాహిక 'బాలికా వధూ'లో ఆనంది పాత్ర అవికా గోర్ నుంచి ప్రత్యూషా బెనర్జీకి, ఆమె నుంచి 2013లో తోరల్ రాస్‌పుత్రాకు మారింది. మొదటి మార్పుకు కథలో కారణం ఉంది: పాప పెద్దదయింది. రెండవ మార్పుకు కథలో కారణం లేదు. మొదటిదాన్ని ఎదుగుదలగా ఒప్పుకున్న చూపు రెండవదాన్ని అతుకుగా గుర్తిస్తుంది. ధర్మవరం మగ్గాల దగ్గర అచ్చు అతకడమన్న పని ఒకటుంది. అయిపోవస్తున్న పడుగు పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలిపే పని అది. పనితనమంతా ఆ అతుకు చీర మీదికి రాకుండా చూడడంలో ఉంటుంది. ప్రేక్షకులు 'అతకలేదు' అన్నప్పుడు వారు అడుగుతున్నది అటువంటి పనితనాన్నే.

మరి కృష్ణుడికి లేని ఇబ్బంది ఆనందికి ఎందుకు? కృష్ణుడి పాఠం స్థిరం. పద్యం ముందే తెలుసు, కథ ముందే తెలుసు, కురుక్షేత్రంలో ఎవరు గెలుస్తారో తెలుసు. పాత్ర నటుడికి బయట, పద్యంలో, పురాణంలో, శ్రోతల జ్ఞాపకంలో నిలిచి ఉంది. నటుడు దాన్ని కొంతసేపు మోస్తాడు. ధారావాహికలో పాఠం స్థిరంగా ఉండదు. అది ప్రసారానికి కొద్దిగా ముందు మాత్రమే తయారవుతూ ఉంటుంది. రచయితలు మారవచ్చు, దర్శకులు మారవచ్చు, నిన్నటి మంచివాడు రేపు దుర్మార్గుడు కావచ్చు. వేయి ఎపిసోడ్ల పొడవునా మారకుండా ఉండేది ఒక్కటే: ఆ ముఖం, ఆ నడక. ప్రేక్షకుల దృష్టిలో పాత్రకు వేరే చిరునామా లేదు. నటుడే పాఠం.

ఇందుకు తెలుగులో మంచి సాక్ష్యం ఆర్.కె. నాయుడు. మంజులా నాయుడు దర్శకత్వంలో జెమిని టీవీలో 2008 నుంచి 2013 వరకు ప్రసారమైన 'మొగలి రేకులు'లో సాగర్ ధరించిన పాత్ర పేరది. ఆ ధారావాహిక ముగిసి ఇన్నేళ్లయినా ఆ నటుడిని జనం ఆ పేరుతోనే గుర్తిస్తారు. రాఘవకు పఠాన్ రుస్తుం పేరు అంటుకున్నది కూడా ఇలాగే కదా అని ఎవరైనా అనవచ్చు. కానీ రుస్తుం పాత్రను తర్వాత మరొకరు వేయగలరు, వేశారు కూడా. ఆర్.కె. నాయుడిని మరొకరు వేయలేరు. ఆడేందుకు విడిగా నాటకమంటూ ఏదీ మిగలలేదు.

4. చంపిన పాత్ర, మేల్కొన్న పాత్ర

స్టార్ మాలో 2017 అక్టోబరు 16న మొదలైన 'కార్తీక దీపం' మలయాళ ధారావాహిక 'కరుత్తముత్తు'కు తెలుగు రూపం. కాపుగంటి రాజేంద్ర దర్శకుడు. నల్లని రంగు కారణంగా అవమానాలు పడిన దీప పాత్రలో ప్రేమి విశ్వనాథ్, ఆమెను పెళ్లాడిన డాక్టర్ కార్తీక్ పాత్రలో నిరుపమ్ పరిటాల, అతనిపై ఆశపడి తప్పుడు వైద్య నివేదికతో అనుమానం నాటిన మోనిత పాత్రలో శోభా శెట్టి నటించారు. ఇంటి నుంచి బయటికి వచ్చిన దీప నలుగురికీ వండిపెడుతూ కూతుర్ని పెంచుకుంటుంది. బస్తీలో ఆమె పేరు వంటలక్క. తెలుగు టెలివిజన్‌లో ఇంతటి ఆదరణ పొందిన పాత్రలు కొద్ది.

సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతూ, వేరుశనగ మీద ఆధారపడి, వయసులో ఉన్నవారు పని వెతుక్కుంటూ బెంగళూరుకు వెళ్లిపోయే ఈ పీఠభూమిలో దీప పాత్ర ఎందుకు దగ్గరైందో ఊహించడం కష్టం కాదు. మగదిక్కు దూరమైనా పొయ్యి ఆరనివ్వని స్త్రీ ఇక్కడివారికి కల్పన కాదు. ఇయెన్ ఆంగ్ దీన్ని భావోద్వేగ వాస్తవికత అంది. సంఘటనలు నమ్మశక్యం కాకపోయినా అనుభూతి నమ్మదగినదిగా ఉండడం. అయితే ఇక్కడే ఒక సులభమైన వ్యాఖ్య కాచుకొని ఉంటుంది: కరువుసీమ ప్రజలకు ఎదురుచూడడం అలవాటు, కాబట్టి ధారావాహికల సాగతీత వారికి భారం కాదు అన్నది. నా దృష్టిలో ఇది ఒట్టి అలంకారం. వాన రాకపోవడానికి రచయిత లేడు. దీప కష్టం తీరకపోవడానికి ఉన్నాడు, ఆ సంగతి ప్రేక్షకులకు బాగా తెలుసు.

వారి సాగతీత విమర్శను కొంచెం జాగ్రత్తగా వింటే అది నిడివి మీద ఫిర్యాదు కాదని అర్థమవుతుంది. పద్యం చివర రాగాలాపనను నిమిషాల తరబడి విని, మళ్లీ పాడమన్న సంప్రదాయానికి నిడివి శత్రువు కాలేదు. 'కార్తీక దీపం'పై తెలుగునాట అందరి నోటా నలిగిన ప్రశ్న ఒకటుంది: కార్తీక్ స్వయంగా డాక్టర్ కదా, పిల్ల తన బిడ్డో కాదో తెలుసుకోవడానికి ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోడేం? హాస్యంగా ఎంత ప్రచారమైనా ఇది పక్కా ఔచిత్య విమర్శ. క్షేమేంద్రుడు అడిగినట్లే, ఈ వృత్తి, ఈ చదువు ఉన్న పాత్ర ఈ సందర్భంలో ఇలా ప్రవర్తించడం తగునా అని వారు అడుగుతున్నారు. కథను నడపడానికి పాత్ర తెలివిని రచయిత తాత్కాలికంగా లాగేసుకున్నాడన్నది ఆరోపణ. జీడిపాకమన్న మాటలో ఉన్న పోలిక కూడా ఇదే. అది సాగేకొద్దీ పొడవు పెరుగుతుందే కాని పదార్థం పెరగదు.

2022 మార్చిలో కార్తీక్, దీప కారు ప్రమాదంలో మరణించినట్లు చూపి కథను తరువాతి తరానికి దూకించారు. కూతుళ్లు హిమ, శౌర్య పెద్దవారయ్యారు. కొత్త నటీనటులు వచ్చారు. ఇక్కడ ఒక చిన్న వివరం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. కొత్త తరంలోని ఇద్దరు యువకుల పాత్రలకు నిరుపమ్, ప్రేమ్ అని పేర్లు పెట్టారు. వెళ్లిపోయిన నటుల పేర్లను వచ్చిన పాత్రలకు తొడగడం ఇది. ప్రేక్షకులను పట్టి ఉంచినది కథ కాదని, ఆ మనుషులని నిర్మాతలకే తెలుసునని ఇంతకంటే బాహాటంగా ఎవరూ ఒప్పుకోలేరు. పేర్లు సరిపోలేదు. కొన్ని నెలల్లోనే దీప కోమా నుంచి మేల్కొంది, కార్తీక్ జ్ఞాపకశక్తి కోల్పోయి మోనిత దగ్గర ఉన్నాడని తేలింది. ప్రేక్షకుల కోరికే దీనికి కారణమని అప్పట్లో విస్తృతంగా చెప్పుకున్నారు. పందిట్లో 'వన్స్ మోర్' అన్న కేకకు చనిపోయిన పాత్ర లేచినట్లే ఇదీ జరిగింది. తేడా ఒకటుంది: పందిట్లో లేచిన పాత్ర అదే పద్యం పాడేది. ఇక్కడ లేచిన పాత్రకు కొత్త కథ కావలసి వచ్చింది, అది దొరకలేదు. 2023 జనవరి 23న ధారావాహిక ముగిసింది.

ఇది తెలుగుకు మాత్రమే పరిమితమైన వింత కాదు. స్టార్ ప్లస్‌లో 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' 2001లో మిహిర్ పాత్రను చంపి, ప్రేక్షకుల నిరసన తర్వాత బతికించింది. అమెరికాలో 'డల్లాస్' 1985లో బాబీ ఈవింగ్‌ను చంపి, మరుసటి ఏడాది అతన్ని స్నానాల గదిలో ప్రత్యక్షం చేసి, మధ్యలో గడిచిన కథంతా కల అని తేల్చేసింది. బ్రిటన్‌లో 1981లో 'క్రాస్‌రోడ్స్' నుంచి నోయెల్ గోర్డన్‌ను తొలగించినప్పుడు పెద్ద ఎత్తున వచ్చిన నిరసనను పరిశోధకురాలు డొరొతీ హాబ్సన్ నమోదు చేసింది. 'కార్తీక దీపం' తమిళ సోదరి 'భారతి కణ్ణమ్మ'లో మరో దారి తొక్కారు: 2021లో రోష్ని హరిప్రియన్ తప్పుకుంటే వినూషా దేవిని కణ్ణమ్మగా ప్రవేశపెట్టి కథ ఆపకుండా నడిపారు. తెలుగువారు దీపను చంపడానికైనా సిద్ధపడ్డారు కాని మరొకరికి ఆ పాత్ర ఇవ్వలేదు. మరణాన్ని కథలో సరిదిద్దవచ్చు. ముఖం మారితే సరిదిద్దడానికి వీల్లేదు.

5. గొంతు

నటుడే పాఠమన్న ఈ కొలమానం ప్రేక్షకులకు బలాన్ని ఇచ్చింది. కథను వెనక్కు తిప్పించేంత బలం. అదే కొలమానం కొన్ని ప్రశ్నలను అడగనివ్వదు కూడా. వాటిలో మొదటిది గొంతు.

తెలుగు ధారావాహికల ప్రధాన పాత్రలలో కన్నడ, మలయాళ నటీమణులు చాలామంది కనబడతారు. శోభా శెట్టి కన్నడిగ, ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. వారిపై ప్రాంతీయ అభ్యంతరం చెప్పడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. కన్నడం, తెలుగు కలిసి బతికే మడకశిర, రాయదుర్గం, హిందూపురం ప్రాంతాల నుంచి చూసేవారికి ఆ అభ్యంతరం అర్థం కూడా కాదు. కన్నడ 'అగ్నిసాక్షి'లో ఆమెను చూసిన కన్ను తెలుగులో మోనితను చూసి ఎరిగిన మనిషినే చూసినట్లు సంతోషిస్తుంది. ప్రశ్న వేరేది. ఇటువంటి నటీమణులకు తెలుగు గొంతును సాధారణంగా గాత్రదాన కళాకారులు ఇస్తారు. అంటే గొంతును శరీరం నుంచి విడదీసి, కావలసిన యాసలో, కావలసిన ప్రాంతపు నుడికారంతో తొడిగే వీలు అక్కడ పూర్తిగా ఉంది. అయినా తొడిగేది దాదాపు ఎప్పుడూ పత్రికల తెలుగుకు దగ్గరైన ఏదో ఒక ప్రామాణిక భాషనే.

రాయలసీమ యాస తెరకు తెలియనిది కాదు. 'ప్రేమించుకుందాం రా' (1997), 'సమరసింహారెడ్డి' (1999) నాటి నుంచి అది కత్తులు, సుమోల పక్కన వినబడుతూనే ఉంది. జయప్రకాశ్‌రెడ్డి ఆ యాసను గొప్పగా పలికాడు కూడా. వంట చేసే స్త్రీ నోట, బిడ్డను ఓదార్చే తల్లి నోట, డాక్టర్ నోట అది వినబడలేదన్నదే సంగతి. సాహిత్యం ఈ విషయంలో చాలా ముందుంది. సింగమనేని నారాయణ సంకలనాలు, చిలుకూరి దేవపుత్ర రచనలు, బండి నారాయణస్వామి నవలలు ఈ నేల పలుకుబడిని పాఠకలోకం చేత ఒప్పించాయి. 'గద్దలాడతాండాయి' అన్న క్రియాపదమే స్వామి నవలకు శీర్షిక అయింది. ఆయన 'శప్తభూమి' 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. అనంతపురం ప్రేక్షకులు దీప తమలాంటిది అంటారు; ఆమె తమలా మాట్లాడదన్నది వారి ఫిర్యాదుల జాబితాలో సాధారణంగా ఉండదు. విలుకాడు విల్లు నిలుపును పరీక్షించినట్లు, ఈ ప్రాంతపు స్త్రీ ఈ ప్రాంతపు మాటకు ప్రాశ్నికురాలు కావలసింది. ఆ పరీక్షకు విల్లే అందలేదు.

6. పూసిన నలుపు

రెండవ ప్రశ్న రంగు. దీప కథంతా నలుపు చుట్టూ అల్లినది. అత్త సౌందర్య తిరస్కారానికి మూలం నలుపు, పాత్ర పట్ల సానుభూతికి మూలం నలుపు. ఆ పాత్రను ధరించిన నటి సహజంగా నల్లనిది కాదు. ఆ నలుపు రోజూ పూసినది.

దీన్ని తోసిపుచ్చే ముందు సంప్రదాయం చెప్పేది వినాలి. ఆహార్యాభినయంలో అంగరచన ఒక విభాగం; పాత్రకు తగిన వర్ణాన్ని నటుడి ఒంటికి పూయడం శాస్త్రసమ్మతమే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులను చూడండి. అక్కడ తోలుకు అద్దిన రంగే దేవుడిని, రాక్షసుడిని, బంగారక్కను వేరు చేస్తుంది. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర మీద రంగు సంకేతమని, చర్మం కాదని ఈ ప్రాంతపు ప్రేక్షకుడికి ఎవరూ నేర్పనక్కరలేదు. దీప నలుపును వారు అలాగే, సంకేతంగా చదివారని వాదించవచ్చు. ఆ వాదనలో బలం ఉంది.

కాని సంకేతం పనిచేయాలంటే సంకేతించబడిన వస్తువు కథలో వేరే ఉండాలి. నీలిరంగు రాముడి దైవత్వానికి గుర్తు. నీలి చర్మం గల మనుషులకు వేదిక మీద చోటు దొరకడం లేదన్న సమస్య లోకంలో లేదు. నల్లని చర్మం గల స్త్రీలకు పెళ్లిచూపుల్లోనూ తెర మీదా చోటు దొరకదన్న సమస్య ఉంది. ఈ ధారావాహిక కథావస్తువే అది. వస్తువు కథలో అన్యాయంగా కనబడి, నటుల ఎంపికలో ఆచారంగా కొనసాగింది. 'రంగును బట్టి మనిషిని తిరస్కరించడం తప్పు' అని వందల ఎపిసోడ్లలో చెప్పిన కథకు నల్లని నటి దొరకలేదు, లేదా వెదకలేదు. నాట్యశాస్త్ర పరిభాషలో ఇది స్థానం వారి మార్గానికి దగ్గరిది: తనది కాని రూపాన్ని అనుసరించడం. ప్రేమి విశ్వనాథ్ దాన్ని నిష్ఠతో చేసింది. ఆమె నటనలోని నిబ్బరం లేకపోతే దీప ఇంతకాలం నిలిచేది కాదు. స్థానం నటన ఎంత గొప్పదైనా రాఘవ తన ప్రశ్నను వదులుకోలేదన్నది గుర్తు చేసుకోవాలి. రాఘవ ప్రశ్న నటుడి ప్రతిభ గురించి కాదు, ఎవరిని వేదిక బయట నిలబెడుతున్నామన్నదాని గురించి. స్త్రీల విషయంలో ఆ ప్రశ్న తాడిపత్రిలో పుట్టిన మనిషి అడిగి ఇప్పటికి సుమారు వందేళ్లు. రంగు విషయంలో దాన్ని ప్రేక్షకులు పెద్దగా అడగలేదు. డీఎన్‌ఏ పరీక్ష ఏదని నిలదీసిన అదే చురుకైన విమర్శ, ఆ ముఖం మీది పూత దగ్గర ఆగిపోయింది. నటే పాఠమైతే పాఠాన్ని మార్చమని ఎవరు అడుగుతారు?

2024 మార్చి 25న 'కార్తీక దీపం' రెండవ భాగం 'ఇది నవ వసంతం' పేరుతో మొదలైంది. ఇది పాత కథకు కొనసాగింపు కాదు. ప్రేమి విశ్వనాథ్, నిరుపమ్ పరిటాల మళ్లీ దీప, కార్తీక్‌లుగా వచ్చారు. దీప చేతిలో వంట మిగిలింది, కూతురికి శౌర్య అన్న పేరు మిగిలింది. నలుపు లేదు, నటి తన సహజమైన రంగుతోనే కనబడుతుంది. మొదటి భాగానికి ప్రాణమనుకున్న అంశం తీసివేసినా ఈమె దీప కాదని ప్రేక్షకులు అనలేదు.